నీళ్ళ అడుగున పచ్చిక

జనవరి 19, ఆదివారం

మా తమ్ముడు బుజ్జిబాబు ఏటా నాకొక ఎరువుల కంపెనీ డైరీ ఇస్తాడు. కడియంలో మా నర్సరీ చూసుకున్నన్నాళ్ళూ అందులో లారీ నంబర్లు తప్ప ఇంకేమీ రాయలేదు. నవంబరులో పెళ్ళయి భీమవరం వచ్చాక నాకు లారీలు లేవు, మట్టి లేదు, ఉన్నదల్లా మూడో అంతస్తు ఫ్లాటు. ఆయన రొయ్యల మేత కంపెనీలో టెక్నీషియన్, తెల్లారేసరికి చెరువు గట్ల మీద ఉంటారు. ఆయన కూతురు పావని స్కూలుకి వెళ్ళిపోతుంది. ముప్పై ఏడేళ్ళు వచ్చాక నోరు మూసుకుని కూర్చోవడం నేర్చుకోమంటే నా వల్ల కాదు. అందుకని ఇందులో వాగుతున్నాను.

ఇవాళ పావని హాల్లో ఉన్న అక్వేరియంలో మొక్కలు నాటింది. కొరియర్లో వచ్చాయి. పెరుగు కప్పంత డబ్బాలో, జెల్లీ మీద, ఆవగింజ కంటే కాస్త పెద్ద ఆకులు. మాంటీ కార్లో అట పేరు. చిన్న చిన్న దుబ్బులుగా విడదీసి అడుగు మట్టిలో గుచ్చితే తీగలు పాకి, ఒకదానితో ఒకటి కలిసి, ట్యాంకు అడుగంతా తివాచీ పరిచినట్టు అయిపోతుందట. కార్పెట్ ప్లాంట్ అంటారట. పొడుగాటి పట్టకారుతో ఒక్కొక్క దుబ్బూ గుచ్చుతుంటే సగం పైకి తేలిపోతున్నాయి. నేను గుమ్మం దగ్గర నిలబడి చూశాను. చేతులు దురద పెట్టాయి.

"నిటారుగా పెడితే తేలుతుందమ్మా. కాస్త పక్కకి వాల్చి గుచ్చు. మేం గడ్డి అలాగే నాటుతాం," అన్నాను.

"ఇది నర్సరీ కాదు ఆంటీ," అంది.

అయినా వాల్చి గుచ్చింది. తేలలేదు. నవ్వు పెదాల దాకా వచ్చింది గానీ బయటికి రానివ్వలేదు.

ఆ ట్యాంకు వాళ్ళమ్మ మధులతది. ఆవిడ పోయి రెండేళ్ళు దాటింది. ఆవిడకి ఈ పచ్చటి అడుగంటే సరదాట, రెండుసార్లు వేస్తే రెండుసార్లూ పోయిందట. ఈసారి పరీక్షలు అయ్యేలోపు నిండిపోవాలని పావని వాళ్ళ నాన్నతో అంటుంటే విన్నాను. పరీక్షలు అయ్యేలోపు ఎందుకో నాకు తెలుసు. నరసాపురం నుంచి వాళ్ళ అమ్మమ్మ వెంకటరత్నమ్మగారు వస్తారు. తొమ్మిది అయిపోగానే పిల్లని తీసుకెళ్ళి అక్కడే పదిలో చేరుస్తానని ఎప్పుడో చెప్పేశారు. ఈయన, "పావని ఇష్టం అత్తయ్యగారూ," అన్నారు. నన్నెవరూ అడగలేదు.

వెళ్తే వెళ్తుంది. నాకేం.

జనవరి 23

ఇవాళ నాతో మూడు మాటలు మాట్లాడింది. అందులో రెండు "వద్దు".

ఫిబ్రవరి 1

ట్యాంకులో ఆకులు కరిగిపోతున్నాయి. కొన్ని పసుపు, కొన్ని గాజు కాగితంలా తేలిపోయాయి. పావని స్కూలు నుంచి వచ్చి బ్యాగు కూడా దించకుండా అద్దానికి మొహం ఆనించి కూర్చుంది. నాకు ఉండబట్టలేదు.

"ల్యాబులో పెరిగిన మొక్క అది. మా దగ్గరికి టిష్యూ కల్చర్ అరటి మొక్కలు వచ్చినప్పుడు కూడా ఇంతే. పాత ఆకులు రాల్చేసి, అప్పుడు కొత్తవి వేస్తుంది. వేరు ఆకుపచ్చగా ఉన్నంతసేపూ భయం లేదు," అన్నాను.

ఫోను తీసి ఏదో వెతుక్కుంది. అన్నం తినేటప్పుడు మాత్రం కంచంలోకి చూస్తూ, "మీరు చెప్పింది కరెక్టేనట," అంది.

నేను చెబితే కాదు, ఫోను చెబితే కరెక్టు. పోనీలే, కరెక్టే కదా.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఆయన ఇంట్లో ఉన్నారు, అంటే గొడవ ఉన్నట్టే. పావని ఒక ప్లాస్టిక్ సీసాలో పంచదార, ఈస్టు వేసి, దానికి సన్నటి గొట్టం పెట్టి ట్యాంకులోకి వదులుతోంది. ఆ గాలి మొక్కలకి తిండట. చిన్న చిన్న బుడగలు వస్తాయి. ఈయన వచ్చి చూసి, బీరువా మీంచి పాత గాలి మోటారు దించి, స్విచ్చి వేసేశారు. నీళ్ళు కుతకుతలాడాయి.

"నాన్నా, ఏం చేస్తున్నావ్? అలా చేస్తే గ్యాసంతా బయటికి పోతుంది."

"ఏరేటర్ లేకుండా చేపలు ఎలా బతుకుతాయే? నీళ్ళలో డీఓ పడిపోతే, ఆక్సిజన్ అందకపోతే?"

"ఇది రొయ్యల చెరువు కాదు నాన్నా."

ఆయన ప్రాణం అంతా ఏరేటర్లోనే ఉంటుంది. పడుకుని కూడా పక్క చెరువు మోటారు ఆగిందా అని చెవి రిక్కిస్తారు. చివరికి లైటు ఆరాక మోటారు, లైటు ఉన్నంతసేపూ సీసా అని ఒప్పందం కుదిరింది. ఒకరికి నర్సరీ కాదు, ఒకరికి చెరువు కాదు. మేమిద్దరం ఒకేసారి తిట్లు తిన్నాం. నాకు ఎందుకో సంతోషంగా అనిపించింది.

ఫిబ్రవరి 17, సోమవారం

పక్కనే దక్షిణం కిటికీ. ఎంత చక్కటి ఎండ. దానికి దుప్పటిలాంటి నీలం కర్టెన్ వేసి, మొక్కలకి ట్యూబులైటు వెలుతురు పెడతారు. ఎండ తగలకుండా మొక్క ఏం బాగుపడుతుంది? నర్సరీలో మొక్కల మీద కట్టే షేడ్ నెట్ కిందైనా కాస్త ఎండ దిగుతుంది. ఆకు చూస్తే పాలిపోయినట్టుంది.

పావని వెళ్ళాక కర్టెన్ తీశాను. వచ్చేముందు వేసేశాను. చెప్పాల్సినంత పనేం కాదు. చెప్తే "ఇది నర్సరీ కాదు" అంటుంది.

ఫిబ్రవరి 24

రోజూ తీస్తున్నాను. ఎండ పడగానే ఆకుల మీద ముత్యాల్లా బుడగలు పేరుకుంటున్నాయి. కొత్త తీగలు పక్కకి పాకాయి, ఒక దుబ్బు పక్కదాన్ని అందుకుంది. సాయంత్రం పావని, "భలే పాకుతోంది కదా," అంది. నాతోనే అంది. చుట్టూ చూశాను, హాల్లో ఇంకెవరూ లేరు.

నా ఎండే ఇదంతా. ఎవరికీ చెప్పక్కర్లేదు, నాకు తెలిస్తే చాలు.

మార్చి 3

అక్కడక్కడా సన్నటి పచ్చ దారాలు. నాచు. పావని లైటు ఒక గంట తగ్గించింది.

కుండీలకి నాచు ఎక్కడ పడుతుంది? నీడ పక్క, తడి ఆరని చోట. అలాంటి కుండీని ఎండలోకి జరిపితే నాలుగు రోజుల్లో పోతుంది. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని. అందుకని ఇవాళ రెండో వైపు కర్టెన్ కూడా తీశాను.

మార్చి 6

తగ్గలేదు. ఎండ ఇంకా సరిపోవడం లేదేమో.

మార్చి 10

మొక్క కనబడటం లేదు. మొత్తం జుట్టు చుట్టుకున్నట్టు నాచే. పావని లైటు పూర్తిగా ఆపేసింది. అద్దం మీద చెయ్యి పెట్టి, వాళ్ళ నాన్నతో మెల్లిగా అంది, "నా చేతిలో ఏదీ బతకదు నాన్నా."

ఆయన, "చెరువులకి చెరువులే పాడవుతుంటాయి, ఇదెంత," అన్నారు. ఆ మాటకి పిల్ల కుదుటపడలేదు, లేచి గదిలోకి పోయింది. నేను వంటింట్లో గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కూర అడుగంటింది.

రేపు కర్టెన్ తీయకుండా ఉంటే? ఎండ తగ్గి ఇంకా ఎక్కువైతే? ఆయన్ని అడగొచ్చు. నీళ్ళ సంగతి ఆయనకి తెలిసినంత ఎవరికి తెలుసు. కానీ పడుకునేముందు ఎక్కడైనా అలాంటివి అడుగుతారా. మర్నాడు అడుగుదాం.

మార్చి 11

అడగలేదు. కర్టెన్ తీశాను.

మార్చి 17, సోమవారం

ఇవాళ్టి నుంచి ఒంటిపూట బడులు. నిన్న ఆయన చెప్పారు, నేనే విని కూడా వినలేదు. ట్యాంకు ముందు కింద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటున్నాను. తలుపు తాళం తిరిగిన చప్పుడు. లేవబోతుంటే చిక్కుళ్ళన్నీ ఒళ్ళోంచి కింద పడ్డాయి.

రెండు కర్టెన్లూ బార్లా తీసి ఉన్నాయి. ట్యాంకు మీద ఎండ ఫెళఫెళలాడుతోంది.

పావని బ్యాగు భుజాన అలాగే ఉంచుకుని కిటికీ వైపు చూసింది, ట్యాంకు వైపు చూసింది, నా వైపు చూసింది.

"రోజూ తీస్తున్నారా?"

"మొక్కకి ఎండ..."

"ఎప్పట్నించి?"

"నాచు పోతుందని తీశానమ్మా. కుండీలకి..."

"ఎప్పట్నించి ఆంటీ?"

చెప్పాను. దాని మొహం ఎర్రబడింది. అరిచింది. అంత సన్నటి మనిషిలోంచి అంత గొంతు వస్తుందనుకోలేదు.

"నేను చేతకానిదాన్ననుకుంటున్నా ఇన్నాళ్ళూ. లైటు తగ్గించా, ఎరువు ఆపా, చేపలకి మేత కూడా తగ్గించా. మీరు కావాలనే చేశారు. అది అమ్మది కాబట్టే చేశారు."

గది తలుపు వేసుకుంది. నేను కింద కూర్చుని చిక్కుళ్ళు ఏరుకున్నాను. ఏరుతుంటే ఒక్కటీ కనబడలేదు, కళ్ళ నిండా నీళ్ళు. కావాలని ఎవరైనా మొక్కని చంపుతారా? నేను?

మార్చి 18

మాట్లాడలేదు.

మార్చి 19

మాట్లాడలేదు. కర్టెన్‌కి పిన్నీసులు పెట్టింది.

మార్చి 21

ఫోనులో వాళ్ళ అమ్మమ్మతో: "పరీక్షలవగానే వచ్చెయ్ అమ్మమ్మా. నేను రెడీగా ఉంటా."

ఆయన వింటూ పేపరు మడతపెట్టారు. "టీసీకి చెప్పమంటావా స్కూల్లో?" అని అడిగారు పావనిని. "తర్వాత చెప్తా," అంది. ఆయన నా వైపు చూడకుండా మంచినీళ్ళు తాగారు.

ఇన్నాళ్ళూ "నాకేం" అని రాసుకున్నాను. ఎవరూ చదవని చోట కూడా అబద్ధం రాసుకుంటారా ఎవరైనా? పొద్దున్న దాని టిఫిన్ డబ్బా మూత పెడుతుంటే ఏప్రిల్ అయ్యాక ఈ డబ్బా ఏం చేసుకుంటాను అనిపించింది. ఈ పిల్ల నాక్కావాలి. వెళ్ళకూడదు. ఇదీ సంగతి.

మార్చి 23, ఆదివారం

బుజ్జిబాబుకి ఫోను చేసి మొత్తం చెప్పాను. వెధవ, ముందు నవ్వాడు.

"కుండీ మీద నాచు వేరు, నీళ్ళలో నాచు వేరు అక్కా. ఎండ తగిలిన చెరువే కదా పచ్చబడేది? బావ రోజూ చేసే పనే అది. ఒక్క మాట అడిగితే పోయేది కదా."

"అడగాలనే అనుకున్నాను."

"మరి?"

"ఆయన పావనికి చెప్పేస్తారు కదా."

"అంటే నీకు అనుమానం ఉంది," అన్నాడు.

ఉంది. మార్చి పదో తారీకు నుంచీ ఉంది. మొదటిసారి అది నాతో మాట్లాడింది ఆ మొక్క బాగున్నప్పుడే. నా ఎండ వల్లే బాగుపడిందనుకున్నాను కదా, ఆ ఎండే పాడు చేసిందంటే ఒప్పుకోబుద్ధి కాలేదు.

ఆయనకి చెప్పాను. టీ గ్లాసు పట్టుకుని మొత్తం విని, "నాక్కూడా ఒక్కసారి చెప్పలేదేంటి సూర్యా," అన్నారు. కోపం లేదు. ఉంటే బాగుండేది.

మార్చి 26, బుధవారం

పావని ట్యాంకు వైపు చూడటం మానేసింది. పుస్తకాలు ముందేసుకుని వీపు అటు పెట్టి కూర్చుంటోంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక దగ్గరికి వెళ్ళి అడిగాను.

"నాచు ఎలా తీయాలో చెప్తావా? నేను తీస్తాను. నువ్వు చెప్పిన చోటే ముట్టుకుంటాను."

"మీ ఇష్టం."

"నా ఇష్టం అయ్యే కదా ఇలా అయింది. నీ ఇష్టం చెప్పు."

పుస్తకంలోంచి తలెత్తకుండానే, "కొత్త టూత్ బ్రష్ తీసుకుని నాచులో తిప్పాలి. సేమియా చుట్టుకున్నట్టు చుట్టుకుంటుంది. మెల్లిగా పైకి లాగాలి, మొక్క ఊడకుండా," అంది.

స్టూలు వేసుకుని మోచేతి దాకా చెయ్యి పెట్టాను. తిప్పాను, లాగాను, దుబ్బుతో సహా ఊడొచ్చింది. వెనక్కి చూసే ధైర్యం లేక ఆ దుబ్బుని మళ్ళీ వాల్చి గుచ్చాను. రెండోసారి నాచు ఒక్కటే వచ్చింది. అలా కాసేపు చేశాక పక్కన కుర్చీ జరిగింది. పావని ఇంకో బ్రష్షు పట్టుకుని చెయ్యి పెట్టింది. కుడి వైపు అది, ఎడమ వైపు నేను. మధ్యలో చేపలు.

నాచు కింద మొక్క బతికే ఉంది. పాలిపోయింది, అంతే. తీగలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

"కావాలని చేయలేదు పావనీ," అన్నాను.

"తెలుసు."

"ఎలా తెలుసు?"

బ్రష్షు బకెట్లో విదిలించింది. "అమ్మ కూడా ఇంతే. చేపలకి చీకటిగా ఉందని కర్టెన్ తీసేసేది. అప్పుడూ నాచే పట్టింది. అప్పుడూ నేను అరిచా."

నేను నా బ్రష్షు నాచులో తిప్పుతూనే ఉన్నాను.

"హాస్పిటల్‌కి వెళ్ళిన వారం కూడా అరిచా, ఇదే ట్యాంకు గురించి. అమ్మ సారీ చెప్పింది నాకు. నేను సరే అని కూడా అనలేదు."

చెయ్యి నీళ్ళలోనే ఉంది, కళ్ళు తుడుచుకోవడానికి లేదు, ముక్కు ఎగబీల్చింది. నాకు దాన్ని దగ్గరికి తీసుకోవాలనిపించింది. రెండు చేతులూ మోచేతుల దాకా నాచు. పైగా దూరం జరిగితే ఏం చేయాలి.

"ఇంట్లోవాళ్ళ మీద కాకపోతే ఎవరి మీద అరుస్తారమ్మా? మీ అమ్మకి ఆ మాత్రం తెలీదా? నేను మా అమ్మ మీద ఎంత అరిచేదాన్నో. కొబ్బరి మొక్కలు బెదిరిపోయేవి."

కాస్త నవ్వింది. నీళ్ళలోకే చూస్తూ, "మీ మీద కూడా అరిచా కదా," అంది.

"అరిచావు."

"మరి."

అంతే అంది. ఆ తర్వాత బకెట్టు పారబోసి వచ్చి లెక్కలు చేసుకుంది. ఆ "మరి" ఏంటో నాకు అర్థమైందో, అర్థమైందని అనుకుంటున్నానో తెలీదు. వంటింట్లోకి వెళ్ళి ఊరికే రెండుసార్లు స్టవ్వు తుడిచాను.

మార్చి 29

రోజూ కాస్త తీస్తున్నాం. సగం నీళ్ళు మార్చాం. ఆయన ల్యాబ్ కిట్ తెచ్చి నీళ్ళు పరీక్ష చేశారు, వంద ఎకరాల చెరువుకి చేసినంత సీరియస్‌గా.

ఏప్రిల్ 2

మొక్క మళ్ళీ లేచింది. అయితే పైకి లేస్తోంది, పక్కకి పోవడం లేదు. ఒక్కోచోట బొద్దుగా గుట్ట కట్టింది.

"తల కత్తిరించాలి," అన్నాను. వెంటనే నాలిక కరుచుకున్నాను.

పావని అనుమానంగా చూసింది. "ఇప్పుడే కదా కోలుకుంది?"

"అందుకే. తల తుంచితే పక్క కొమ్మలు వేస్తుంది. ఇలాగే వదిలేస్తే కింది ఆకులకి వెలుతురు అందక కుళ్ళి, చాప లేచినట్టు మొత్తం లేచి తేలిపోతుంది. బంతి మొక్కకీ ఇంతే, గడ్డికీ ఇంతే. అయినా ఇది నర్సరీ కాదనుకో."

ఫోను తీసి వెతుకుతుందనుకున్నాను. తీయలేదు. కత్తెర తెచ్చింది, కొన వంకర తిరిగి ఉంటుంది దానికి. "ఈ మూల ఒక్కటే. ఇక్కడిదాకా," అని అద్దం మీద వేలితో గీత గీసింది.

ఆ గీత దాటలేదు నేను. తెగిన ముక్కలు పైకి తేలుతుంటే అది జాలీతో తీసింది. ఒక్క ఆకు కూడా ఫిల్టర్లోకి పోనివ్వలేదు.

ఏప్రిల్ 5

దేవుడా, ఆ మూల చిగురు వెయ్యనీ.

ఏప్రిల్ 11

వేసింది. దుప్పటి కుట్టినట్టు ఒత్తుగా, పొట్టిగా. పావని స్కేలు పెట్టి చూసి, రెండో పరీక్ష రాసి వచ్చిన అలసటలో కూడా, "మిగతాది కూడా చేసేయండి. నాకు రేపు సైన్సు ఉంది," అని కత్తెర నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

నేను ఒక్కదాన్నే చేశాను. మా నాన్న మొదటిసారి నా చేతికి అంటు కట్టే కత్తి ఇచ్చిన రోజు కూడా ఇంత భయపడలేదు.

ఏప్రిల్ 16

ఆయన మళ్ళీ టీసీ అడిగారు. "అమ్మమ్మ రానీ నాన్నా," అంది. దాని సూట్‌కేసు మంచం మీద తెరిచి ఉంది. అందులో వేసవి బట్టలున్నాయి. పైన పదో క్లాసు గైడు ఒకటి ఉంది. సెలవుల్లో చదువుకోవడానికా, అక్కడ చదువుకోవడానికా? గైడు తీసి చూశాను, మళ్ళీ అక్కడే పెట్టాను. గైడులో ఏముంటుంది.

ఏప్రిల్ 24, గురువారం

వెంకటరత్నమ్మగారు వచ్చారు. నాకు ఆవిడ అంటే భయం, ఆవిడకి నేనంటే మొహమాటం. కాఫీ తెస్తే, "నువ్వు తాగావా అమ్మా?" అన్నారు. సంచిలో లేసు దారం, అల్లిక సూది. నరసాపురంలో చేతులు ఊరికే ఉంచుకునే ఆడవాళ్ళు లేరనుకుంటా.

ట్యాంకు ముందు కుర్చీ వేసుకున్నారు. అల్లుతూ అల్లుతూ ఆగిపోయారు. ట్యాంకు అడుగున ఈ చివర నుంచి ఆ చివరకి పచ్చటి పచ్చిక, వెనక మూల కొంచెం తప్ప. చేపలు దాని మీద మూతి ఆనించి ఏదో ఏరుకుంటున్నాయి.

"మా మధు ఫోనులో దీన్ని చూపించేది నాకు. ఎప్పుడు చూపించినా అడుగంతా మట్టే. 'చూస్తూ ఉండమ్మా, పచ్చగా అవుతుంది' అనేది," అన్నారు. కొంగు తీసి కళ్ళు ఒత్తుకున్నారు. నేనూ పక్కన కింద కూర్చున్నాను. ఆవిడ చెయ్యి నా భుజం మీద పడింది, కాసేపు అక్కడే ఉంది.

తర్వాత మెల్లిగా అన్నారు, "నీ మీద నాకేం లేదమ్మా. పిల్ల బాగుంది, ఒళ్ళు చేసింది, చూస్తున్నాను కదా. కానీ ఇంట్లో ఒక్కదాన్నే. అది తిరుగుతుంటే మధు ఉన్నట్టుంటుంది."

ఏం చెప్పను? పంపనని అనడానికి నేనెవర్ని? ఆవిడ కడుపుకోత నా కోరిక కంటే చిన్నదా? "పావని ఇష్టం అత్తయ్యగారూ," అన్నాను. ఈయన అన్నప్పుడు ఆ మాటకి ఒళ్ళు మండింది నాకు. అంతకు మించి అనడానికి ఏమీ లేదని ఇవాళ తెలిసింది.

ఏప్రిల్ 25, శుక్రవారం

బండి మధ్యాహ్నం. సూట్‌కేసు గుమ్మం దగ్గర పెట్టారు. దాని టిఫిన్ డబ్బాలో పులిహోర పెట్టి, మూత పెట్టి, మళ్ళీ తీసి, ఇంకాస్త పెట్టాను.

"ఆంటీ, ఒకసారి రండి," అని పిలిచింది.

ట్యాంకు ముందు నిలబడి ఉంది. చేతిలో మూత ఉన్న డబ్బా.

"అమ్మమ్మకి ఒక ముక్క ఇవ్వాలి. కోయొచ్చా? మొత్తం పాడవదా?"

"ఎందుకు పాడవుతుంది? లాన్ గడ్డి అలాగే అమ్ముతాం మేం. చదరంగా కోసి, మట్టితో సహా ఎత్తి, లారీకి ఎక్కిస్తాం. వేళ్ళు అల్లుకున్నాయి కాబట్టి విడిపోదు."

"మీరు కోయండి. నాకు భయం."

బ్లేడుతో అరచెయ్యంత చదరం కోశాను, సరిగ్గా మధ్యలో, బాగా ఒత్తుగా ఉన్న చోట. చెడ్డ మూల నుంచి ఇస్తారా ఎవరైనా. కింద చెయ్యి పెట్టి ఎత్తితే మట్టితో సహా అట్టు లేచినట్టు లేచింది. తడి పేపరు పరిచి డబ్బాలో పెట్టాను. వెంకటరత్నమ్మగారు వచ్చి డబ్బా రెండు చేతులతో తీసుకున్నారు. వంగి వాసన చూశారు. "వరి చేను వాసన," అన్నారు.

ట్యాంకు మధ్యలో నల్లటి ఖాళీ మిగిలింది. పావని అద్దానికి మొహం ఆనించి దాన్నే చూస్తోంది.

"ఇది మళ్ళీ నిండుతుందా?"

"నిండుతుంది. నాలుగు వైపుల నుంచీ పాకుతుంది."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

తొందరగా అయిపోతుందని చెప్పాలా, చాలా పడుతుందని చెప్పాలా? ఏది చెబితే ఉంటుంది, ఏది చెబితే పోతుంది? నోటికి నిజమే వచ్చింది. "నెల దాటుతుంది. నెలా పదిహేను రోజులనుకో."

వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. "అంటే స్కూలు తెరిచేసరికి."

"ఆ, అంతే."

"అయితే వచ్చేసరికి నిండిపోయి ఉంటుంది." వెనక్కి తిరిగి, "నాన్నా, టీసీ అడగొద్దులే," అంది. ఏదో పాల ప్యాకెట్టు వద్దన్నట్టు చెప్పింది. తర్వాత వాళ్ళ అమ్మమ్మ దగ్గరికి వెళ్ళి, డబ్బా పట్టుకున్న ఆ చేతుల మీద చెయ్యి వేసింది. "సెలవులన్నీ నీ దగ్గరే అమ్మమ్మా. దసరాకి కూడా వస్తా. దీనికి గాజు తొట్టి కొందాం, నీకు నేర్పుతా."

పెద్దావిడ మొహం వాడిపోయింది, నేను చూశాను. దిగమింగుకున్నారు. "సరేలే, దీన్నైనా బతికించుకుంటాను," అని పిల్ల తల నిమిరారు. ఆ తర్వాత నా వైపు చూసి, "వారానికోసారి నువ్వు ఫోను చేసి చెప్పాలమ్మా, ఏం చేయాలో," అన్నారు.

ఆయన కిటికీ వైపు తిరిగి ముక్కు చీదుకున్నారు. నేను బ్లేడు కడగడానికి వంటింట్లోకి వెళ్ళాను. కడిగిందే కడిగాను. ఏడ్చాను, గట్టిగానే. కుళాయి చప్పుడులో వినబడలేదనుకుంటా.

ఆటో ఎక్కేటప్పుడు, "వెళ్ళొస్తా ఆంటీ," అంది. ఇంకా ఆంటీయే. ఉండనీ.

ఏప్రిల్ 26

ఇల్లంతా బోసిగా ఉంది. టిఫిన్ డబ్బా నరసాపురంలో ఉంది.

వెంకటరత్నమ్మగారు ఫోను చేశారు. గాజు తొట్టి వచ్చేదాకా పెళ్ళినాటి పింగాణీ గిన్నెలో పెట్టారట, కింద లేసు గుడ్డ వేసి. నీళ్ళు కుళాయివి పోయొచ్చా అని అడిగారు. ఒక రోజు పట్టి ఉంచి పోయమని చెప్పాను. వెనక నుంచి పావని, "నేను చెప్పా కదా అమ్మమ్మా, నమ్మవేంటి," అంటోంది.

ఏప్రిల్ 29

పొద్దున్నే ట్యాంకు చూశాను. ఖాళీ అలాగే ఉంది. ఇంత తొందరగా ఏం నిండుతుంది, నాకు తెలీదా. కాఫీ తాగి మళ్ళీ చూశాను. కుడి పక్క నుంచి ఒక్క తీగ ఖాళీ వైపు తల పెట్టింది. పెట్టినట్టే ఉంది. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూశాను.

ఫోటో తీసి పావనికి పంపాను.

"ఎక్కడ ఆంటీ? నాకేం కనబడట్లేదు," అని పెట్టింది.

నాకు కనబడుతోంది.